అటక మీది త్రాసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో మొదలయ్యాయి: "మా తాతగారి త్రాసు ఒకటి అటక మీద దొరికింది." ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచి వస్తుంది. విజయనగరం గంటస్తంభం దగ్గరి సందులో మా నాన్నగారు త్రాసులు, కాటాలు మరమ్మతు చేసేవారు. ఆయన తరువాత 38 ఏళ్ళు నేనూ అదే పని చేశాను. కొట్టు మూసిన రోజున మిగిలిన పాత త్రాసులను ఇంటికి తెచ్చుకున్నాను. సంతల్లో, పాత ఇనుము కొట్లలో వెతికి కొన్నవి తరువాత వాటితో చేరాయి. ఇప్పుడు మా ముందు గదిలో 110 దాకా ఉన్నాయి. ఉత్తరాలను కొంత కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారికి కిరాణా కొట్టు ఉండేది. ఆయన వాడిన ఇత్తడి పళ్ళేల త్రాసు బాగా నల్లబడింది. అంచుల దగ్గర పచ్చగా కిలుము పట్టింది. సంక్రాంతికి ఇత్తడి సామానంతా తోమేటప్పుడు దాన్ని కూడా చింతపండుతో తోమించి హాల్లో వేలాడదీద్దామనుకుంటున్నాను. చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, దయచేసి తోమించకండి. దేవుడి దీపపు కుందిని వారం వారం తోముతాం, అది మెరవాలి కాబట్టి. త్రాసుకు ఆ అవసరం లేదు. దాని మీది నలుపును మురికి అనుకోవద్దు. గాలి, చెమ్మ, చేతి చెమట ఏళ్ళ తరబడి తగిలి ఇత్తడి మీద కట్టిన పొర అది. లోపలి లోహాన్ని అదే కాపాడుతుంది. చింతపండు, నిమ్మచెక్క లాంటి పులుపు ఆ పొరను కరిగించేస్తుంది. ఇత్తడిలో ఉండేవి రాగి, జింకు. పులుపులో ఎక్కువసేపు నానితే జింకు ముందుగా కరిగిపోయి ఎర్రటి రాగి మచ్చలు పైకి తేలతాయి. ఆ మచ్చలు ఇక పోవు.

ఇంకొక సంగతి. ఆ పళ్ళెం అంచు చుట్టూ ఒకసారి నెమ్మదిగా చూడండి. ఒకచోట మాత్రం నలుపు లేకుండా పసుపు రంగులో నున్నగా అరిగి ఉంటుంది. సరుకును పొట్లంలోకి కుమ్మరించేటప్పుడు మీ తాతగారి బొటనవేలు ఆనిన చోటు అది. నా చేతికి వచ్చిన కిరాణా త్రాసులన్నిటిలోనూ ఆ జాడ చూశాను. తోమితే పళ్ళెమంతా ఒకే రంగుకు వస్తుంది, ఆయన వేలిగుర్తు పోతుంది. పాత త్రాసుల్లో నేను వెతికేది, డబ్బు పెట్టి కొనేది ఆ గుర్తునే.

నాకు 22 ఏళ్ళప్పుడు ఇదే తప్పు చేశాను. నాన్నగారు ఊళ్ళో లేని రోజున, బంగారు పని చేసే ఒకాయన సరిచూడమని ఇచ్చిన తులాల రాళ్ళను చింతపండులో ఇసుక కలిపి తోమి తళతళలాడించాను. నాన్నగారు వచ్చి వాటిని మా మంచి త్రాసులో వేసి చూశారు. తులం రాయి పావు గురివింద ఎత్తు తగ్గింది. బంగారం తూచే రాయికి అది చిన్న లోపం కాదు. ఆయనకు కొత్త రాళ్ళు కొని ఇచ్చారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తోమిన రాళ్ళను మాత్రం నా బల్ల సొరుగులో పెట్టారు. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి.

మీరు చేయవలసింది తక్కువే. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. కిలుము గట్టిగా పేరుకున్న చోట వెదురు పుల్ల కొనతో నెమ్మదిగా గీకండి. నూనె జిడ్డు ఉంటే గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆ వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. చివరగా తేనెమైనం పలుచగా రాయండి. పైన అడ్డంగా ఉండే దండె ఇనుముదైతే తుప్పును కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పూయండి. గరుకు కాగితం జోలికి అసలు పోవద్దు. పళ్ళేల తాళ్ళు చివికిపోతే తీసి ఒక కవరులో దాచి, అంతే పొడవున్న నూలుతాళ్ళు కట్టండి.

వేలాడదీసేటప్పుడు దండె మధ్యనున్న ఉక్కు మేకు మీద బరువు పడకుండా చూడండి. దాని కింది అంచు కత్తిలా ఉంటుంది. త్రాసు ప్రాణమంతా ఆ అంచులోనే ఉంది. ఎప్పుడూ ఊగుతూ ఉంటే అది మొద్దుబారుతుంది. దండె కింద రెండు చిన్న కొయ్యముక్కలు ఆనించి, దాన్ని కదలకుండా నిలపండి.

మెరిసే ఇత్తడి హాల్లో ఉండాలని మనసు పడితే శ్రీకాకుళం జిల్లా బుడితి పనివారు చేసిన కొత్త కూజా ఒకటి కొనండి. వారి పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మీ ఇంటికి అందం, వారికి కూడు.

ప్రశ్న: పొలం గట్టు మీది పాత కళ్ళం దగ్గర గుండ్రని నల్లరాయి ఒకటి దొరికింది. పైన చదునుగా చెక్కి మూడు నిలువు గీతలు గీశారు. ఒక పక్క చిన్న పెచ్చు ఊడింది. మా ఊరి కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 1,043 గ్రాములు చూపించింది. ఇది తూకపు రాయేనా? మూడు శేర్లా?
– ఒక రైతు, రాజాం దగ్గర

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నన్ను నిద్రపోనివ్వనిది మీదే. తూచి మరీ రాశారు, చాలా సంతోషం. తూకం రాయకుండా ఫోటో ఒక్కటే పంపేవారికి నేను చెప్పగలిగేది తక్కువ.

మూడు శేర్లు కాదు. ప్రభుత్వపు 80 తులాల శేరు 933 గ్రాములు, మూడు శేర్లయితే 2,800 గ్రాములకు దగ్గరగా ఉండాలి. మీ రాయి ఆ లెక్కకు అందదు. మన ప్రాంతంలో బెల్లం, చింతపండు, పసుపు, మిరపకాయలు తూగింది వీసెల్లో. ఆ లెక్క పెద్దవాళ్ళకు ఇంకా నోటికి వస్తుంది: 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక పుట్టి. వీసెలో పావు పది పలాలు, అంటే పదలం. అందులో సగం అయిదు పలాలు, అంటే ఏబలం. "ఏబలం చింతపండు" అని మా అమ్మ అనడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక గీతల సంగతి. పాత తెలుగు లెక్కల్లో పాతికలను నిలువు గీతలతోనూ, పదహారో వంతులైన వీసాలను అడ్డగీతలతోనూ రాసేవారు. ఒక నిలువు గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. కాబట్టి మీ రాయి ముప్పావు వీసె అయి ఉండాలి. తూకంతో సరిచూద్దాం. తులం 11.66 గ్రాములు, వీసెకు 120 తులాలంటే దాదాపు 1,400 గ్రాములు, అందులో ముప్పావు 1,050. మీ రాయి 1,043. తేడా ఏడు గ్రాములే. ఆ గీతలు మూడు పదలాలను చెబుతాయని ఎవరైనా వాదించినా లెక్క మారదు. మూడు పదలాలన్నా ముప్పావు వీసె అన్నా 30 పలాలే.

అయితే ఒక చిక్కుంది. మద్రాసు వీసెను ఇంగ్లీషు తూనికల్లో 3 పౌన్ల 2 ఔన్సులుగా కూడా కట్టేవారు. అలాగైతే వీసె 1,417 గ్రాములు, ముప్పావు 1,063. అప్పుడు మీ రాయికి 20 గ్రాములు తగ్గినట్లు. ఈ రెండిట్లో ఏదో తేల్చేది ఆ ఊడిన పెచ్చే. మామూలు నల్లరాయి ఏడు గ్రాములంటే నాలుగైదు చింతగింజలంత. 20 గ్రాములంటే పెద్ద ఉసిరికాయలో సగం. ఊడిన చోట వేలు పెట్టి చూడండి. చింతగింజలంత గుంటే ఉంటే అది 120 తులాల వీసె రాయి. ఎంత ఉందో తప్పకుండా రాయండి, ఎదురు చూస్తుంటాను.

ఇలాంటి వాటిని పడికట్టు రాళ్ళంటారు. ఊరి రాతిపనివాడు సరైన రాయి ఒకటి దగ్గర పెట్టుకుని, కొద్దికొద్దిగా చెక్కుతూ త్రాసులో సరిచూసుకుంటూ వీటిని చేసేవాడు. చెక్కిన రాయి బరువు తగ్గుతుందే కానీ పెరగదు గదా, అందుకే చివరి నాలుగు దెబ్బలు ఎంతో జాగ్రత్తగా వేసి ఉంటాడు. అడుగున చూడండి, సన్నని ఉలి గాట్లు దగ్గర దగ్గరగా ఉంటే అవి ఆ చివరి దెబ్బలే. రాయిని కడగవచ్చు కానీ గీతల్లో సున్నం, రంగు నింపవద్దు. ఏ పొలంలో, ఏ కళ్ళం దగ్గర దొరికిందో కాగితం మీద రాసి రాయితోనే ఉంచండి.

ప్రశ్న: ఇత్తడి కుంచం, అడ్డ, మానిక ఉన్నాయి. త్రాసుల సేకరణలో వీటికి చోటుందా?
– చీపురుపల్లి

జవాబు: అవి కొలిచేవి, తూచేవి కావు. నా గదిలో వాటికి వేరే అర ఉంది. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మీ మూడింటినీ విడదీయకండి, ఒకే ఇంటివైతే ఒకదానిలో ఒకటి కొలిచి చూసి ఆనందించండి. మీ ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టిన పెద్దలెవరైనా ఉంటే, ఆ కుంచాన్ని ఆఖరిసారి ఎప్పుడు వాడారో అడిగి రాసుకోండి.

ప్రశ్న: మా మామయ్యగారి బంగారు పని పెట్టె నాకు వచ్చింది. చేతిలో పట్టే చిన్న త్రాసు, బొత్తాల్లాంటి ఇత్తడి రాళ్ళు ఏడు, పాత వెండి రూపాయి, అర్ధరూపాయి, ఒక డబ్బాలో గురివింద గింజలు ఉన్నాయి. రెండు సీసపు ముక్కల మీద తెల్లని పొడి లేస్తోంది. పెట్టె మూత లోపల ఒడియా అంకెలు రాసి ఉన్నాయి. మేము తెలుగువాళ్ళం, ఆ అంకెలు ఎందుకుంటాయి? నాణేలు తీసి వేరే ఆల్బంలో పెట్టుకోవచ్చా?
– నరసన్నపేట

జవాబు: నాణేలను తీయకండి. అవి డబ్బుగా ఆ పెట్టెలోకి రాలేదు. 1835 నుంచి వెండి రూపాయి 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం. అర్ధరూపాయి అర తులం. రాయి పోయిన రోజున, కొన్నవారికి అనుమానం వచ్చిన రోజున రూపాయే సాక్షి. ఆల్బంలోకి వెళితే అది మామూలు నాణెం అయిపోతుంది, పెట్టెలో ఉంటే తూకపు రాయి.

గురివింద గింజలదీ అదే పని. 96 గింజలు తులం అని లెక్క, ఒక్కొక్కటి 0.12 గ్రాములు. తీగకు కాసిన గింజలన్నీ సమానంగా ఉండవు కాబట్టి పనివారు ఏరి, ఒకదానితో ఒకటి సరితూచి దాచుకునేవారు. మీ డబ్బాలోవి అలా ఏరిన గింజలు. వాటిని పారేసి కొత్తవి పోయకండి. కానీ ఒక హెచ్చరిక: గురివింద గింజ లోపలి పప్పు ప్రాణాంతకమైన విషం. పిల్లలు ఎర్రగా అందంగా ఉన్నాయని నోట్లో పెట్టుకుంటారు. డబ్బా మూతకు టేపు వేసి, అందని ఎత్తులో ఉంచండి.

సీసం మీది తెల్లపొడి కూడా విషమే. మూసి ఉన్న కొయ్యపెట్టెలో కొయ్య నుంచి వచ్చే ఆవిరి సీసాన్ని తినేస్తుంది. చేతికి తొడుగు వేసుకుని ఆ రెండు ముక్కలను తీసి చిన్న గాజుసీసాలో వేరుగా పెట్టండి. పొడిని ఊదవద్దు, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. గాజుసీసా మీద "పెట్టెలోవి" అని రాయండి, రేపు ఎవరూ విడదీయకుండా.

ఒడియా అంకెల సంగతి సులువు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, నరసన్నపేట ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వైపు నుంచి మీ ఊరికి, మీ ఊరి నుంచి అటూ రోజూ జనం నడిచేవారు, నగలు చేయించుకునేవారు. మీ మామయ్యగారి పెట్టె అటు కొన్నదైనా కావచ్చు, అటువైపు గిరాకీల లెక్క రాసుకున్నదైనా కావచ్చు. ఆ అంకెలను చదివే పెద్దవారు మీ ఊళ్ళోనే దొరుకుతారు. మూత ఫోటో తీసి వారికి చూపించండి.

ప్రశ్న: సాలూరు సంతలో ఒక కర్ర కొన్నాను. ఒక చివర గదలా లావుగా ఉంది, రెండో చివర కొక్కెం. మధ్యలో గీతలు, జరిపే తాడు. గిరిజనుల పాత తూకపు కర్ర అని చెప్పి అమ్మారు. పాతదో కాదో ఎలా తెలుస్తుంది? గీతలన్నీ సమదూరంలో చక్కగా ఉన్నాయి.
– విజయనగరం

జవాబు: మీ చివరి వాక్యమే జవాబు చెప్పేసింది, బాబూ. అది అలంకారానికి చేసిన కర్ర.

ఇలాంటి కర్రకు వేరే రాళ్ళు అక్కరలేదు. లావుగా ఉన్న చివరే దాని రాయి. కొక్కేనికి సరుకు తగిలించి, కర్ర నేలకు సమంగా నిలిచేదాకా తాడును జరుపుతారు. తాడు ఏ గీత దగ్గర నిలిస్తే అదే తూకం. ఇనుప కడ్డీ మీద గుండును జరిపే కాటాలు వేరు. వాటిలో గీతలు సమదూరంలో ఉండడమే న్యాయం. ఈ కర్రలో మాత్రం అలా ఉండడం కుదరదు. కర్ర మొత్తం బరువు ఒక కిలో, దాని బరువు నిలిచే చోటు కొక్కేనికి 60 సెంటీమీటర్ల దూరం అనుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు తాడు 60 దగ్గరే. ఒక కిలో సరుకు కడితే 30 దగ్గరికి వస్తుంది. రెండు కిలోలకు 20, మూడుకు 15, నాలుగుకు 12. అంటే సరుకు పెరిగేకొద్దీ గీతలు కొక్కెం వైపు దగ్గర దగ్గరగా ముసురుకుంటాయి. నిజంగా తూచిన కర్ర మీద గీతలు అలాగే ఉంటాయి, ఎందుకంటే వాటిని కొలబద్దతో గీయరు. తెలిసిన బరువు కట్టి, తాడు నిలిచిన చోట గాటు పెడతారు.

నా చిన్నతనంలో నాన్నగారితో ఆ సంతకు వెళ్ళినప్పుడు ఒక ముసలాయన అలాంటి కర్రతో చింతపండు తూచడం చూశాను. గీతలు వేళ్ళతో తడుముకుంటూ, కళ్ళతో చూడకుండానే చెప్పేవాడు. చూపు ఆనకపోయినా లెక్క తప్పలేదు. గాట్లు లోతుగా ఉండడానికి కారణం అదే అని నాన్నగారు చూపించారు. మళ్ళీ సంతకు వెళితే కళ్ళు మూసుకుని గాట్లు తడిమి చూసి కొనండి.

ప్రశ్న: మా మాస్టారు ఒక లెక్క ఇచ్చారు. ఒక కొట్లో త్రాసు చేతులు రెండూ సమానం కావు. కొనేవాడు తెలివిగా ఒక కిలో ఎడమ పళ్ళెంలో, ఇంకో కిలో కుడి పళ్ళెంలో తూయించుకున్నాడు. ఎక్కువ తక్కువలు సరిపోతాయని అతని ఆలోచన. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: సరిపోవు, కొనేవాడికే కొంచెం ఎక్కువ వస్తుంది. ఒక చేయి రెండోదానికన్నా నూటికి అయిదు పాళ్ళు పొడవనుకో. ఒకసారి 1.05 కిలోలు, రెండోసారి 0.952 కిలోలు వస్తాయి. మొత్తం 2.002. రెండు గ్రాములు షావుకారు నష్టం.

కానీ నాకు ఆ లెక్క కంటే దాని వెనకనున్న మోసం ముఖ్యం. మా కొట్టుకు వచ్చే చాలామంది, ఖాళీ త్రాసు ముల్లు నిటారుగా నిలిస్తే అది మంచి త్రాసే అనుకునేవారు. అది చాలదు. ఒక చేతిని పొడవు చేసి, ఆ వైపు పళ్ళేన్ని తేలిక చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు చక్కగా నిలుస్తుంది. సరుకు పొడవు చేతి వైపు వేస్తే తక్కువ సరుకే రాయికి సరితూగుతుంది. పళ్ళెం కింద చింతపండు ఉండో మైనమో అంటించే పాసంగాన్ని ఎవరైనా చూసి పట్టుకుంటారు. చేతుల తేడా కంటికి కనపడదు. పట్టుకునే దారి ఒక్కటే: సరుకును, రాళ్ళను పళ్ళేలు మార్చి తూయడం. పాత త్రాసు కొనేటప్పుడు నేను మొదట చేసే పని ఇదే. ఒక వైపు 400 గ్రాములు, మార్చితే 441 గ్రాములు వచ్చిందనుకో. రెండిటినీ గుణించి వర్గమూలం తీస్తే 420 వస్తుంది, అదే నిజమైన తూకం. చెడ్డ త్రాసుతో కూడా మంచి తూకం వేయవచ్చన్నమాట. మీ మాస్టారికి నా నమస్కారాలు చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. మా ఇంటి పాత కంచు రాళ్ళు, త్రాసు తీసుకెళతానంటున్నాడు. తాతల నాటివి. అభ్యంతరం ఉంటుందా?
– శ్రీకాకుళం

జవాబు: ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన ఇలాంటి చేతిపని వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. వందేళ్ళు నిండలేదని మీకు నమ్మకం ఉంటే, భారత పురావస్తు శాఖ నుంచి ఆ మేరకు ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. వచ్చినప్పుడు మీ అబ్బాయి చేత ఒక్కో రాయినీ తూయించి, ఎంత వచ్చిందో అతని చేతే రాయించండి.

"పాతవి" అని కొత్తగా కొనేవారికి కూడా ఇక్కడే ఒక మాట. ఈస్టిండియా కంపెనీ పేరు పోతపోసిన ఇత్తడి త్రాసులు ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. నక్షత్రం తల స్క్రూ కనపడితే 1930ల కంటే పాతది కాదు, ఆ స్క్రూలు వచ్చిందే అప్పుడు. గుంటలన్నీ ఒకేలా ఉన్నా, అరుగుదల చేయి తగిలే చోట కాకుండా అంతటా సమానంగా ఉన్నా వదిలేయండి. అన్నిటికంటే ముందు రాళ్ళను తూచండి. ఏ పాత లెక్కకూ అందని బరువులు ఉంటే అది బొమ్మ.

ప్రశ్న: జీడిపప్పు వ్యాపారం మాది. పాత పద్ధతి ఇష్టపడే గిరాకీల కోసం కౌంటరు మీద తాతల నాటి త్రాసుతోనే తూచవచ్చా?
– పలాస

జవాబు: చూపించడానికి పెట్టుకోండి, తూచవద్దు. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం ముద్ర వేయించని త్రాసుతో, రాళ్ళతో వ్యాపారం చేయకూడదు. శేర్లు, వీసెలు అసలే వాడకూడదు. చేతి త్రాసుకు, రాళ్ళకు రెండేళ్ళకోసారి ముద్ర కావాలి. అది మంచి నియమమే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నాలుగు నెలలకోసారి సరిచూడాలన్నాడు. మీ ఇనుప రాళ్ళ వెనక గుంటలో సీసం, దాని మీద ముద్రలు ఉంటాయి. అవి ఏ ఏడు ఏ మూడు నెలల్లో సరిచూశారో చెబుతాయి. భూతద్దంతో చూసి వరసగా రాసుకోండి, మీ తాతగారు ఏయే ఏళ్ళలో ముద్ర వేయించారో తెలిసిపోతుంది. ఆ సీసాన్ని గోకవద్దు.

దిద్దుబాటు: పోయిన నెల ఒక జవాబులో, కిలోగ్రాములు 1958లో దేశమంతటా తప్పనిసరి అయ్యాయని రాశాను. అది తప్పని టెక్కలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు రాశారు. ఆమె మాటే నిజం. చట్టం వచ్చింది 1956 డిసెంబరులో. 1958 అక్టోబరు 1న కొన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టారు. దేశమంతటా తప్పనిసరి చేసింది 1962 ఏప్రిల్ 1న. నాకు అప్పుడు పదకొండేళ్ళు. కొట్టు ముందు వీసె రాళ్ళు, పదలం రాళ్ళు, ఏబలాలు కుప్పగా పోసి ఉండేవి. కరిగించడానికి తీసుకెళ్ళే బండి వారానికోసారి వచ్చేది. నాన్నగారు ఆ కుప్పలోంచి ఒక వీసె రాయి తీసి, దానికి తాడు కట్టి కొట్టు తలుపుకు వేలాడదీశారు, తలుపు దానంతట అదే మూసుకోవడానికి. ఆ రాయి 1,396 గ్రాములు తూగుతుంది. తాడు మూడుసార్లు మార్చాను.